శెట్టి బస్సు రంగులు

రంగులమ్మే ఇంట్లో రంగులు ఊడబీకే కోడలు దొరకడం పుణ్యమో పాపమో రామాంజనేయులుకు ఇప్పటికీ తేలలేదు. కొడుకు సాయిగణేష్‌కు కళ్యాణదుర్గం బజారులో పెయింట్ల షాపుంది. పొద్దున పోయి షట్టరెత్తాడంటే రాత్రి దించేదాకా డబ్బాలకు డబ్బాలు రంగు అమ్ముతాడు. కోడలు లక్ష్మీప్రసన్న ఇంటి వెనక వరండాలో పీటేసుకుని కూర్చుని ఉన్న రంగు తీసేస్తుంది. అసలు బండిని అచ్చు గుద్దినట్టు చిన్నగా చేసిన కార్లు, విమానాలు, రైలింజన్లు బెంగళూరు నుంచి ఆమెకు పార్సిళ్ళలో వస్తాయి. కొన్ని ఇనుపవి, కొన్ని ప్లాస్టిక్‌వి. ఎవరో తెలిసీ తెలియక రంగులు పులిమి పాడుచేసినవాటిని ఆమె శుభ్రంగా గీకి, పొందిగ్గా కొత్త రంగేసి తిరిగి పంపుతుంది.

"మొగుడు పూయమంటాడు, పెండ్లాము గీకమంటాది. ఈ ఇంట్లో పనికేం తక్కువ" అంటుంది అత్త వరలక్ష్మమ్మ.

సరే, ఎవరి పిచ్చి వారికి ఆనందం. రామాంజనేయులు బాధ అది కాదు. ఆయన బాధంతా తాళంచెవిది.

పోయిన నెల కొత్తిమీర తెమ్మంటే ఎక్సెల్ బండి మీద బజారుకు పోయాడు. అక్కడ ఆదెన్న కనబడ్డాడు. ఆదెన్నది కుందుర్పి పక్క పల్లె. రామాంజనేయులు బస్సు తోలే కాలంలో, చంకలో ఉన్న గొర్రెపిల్లకు టికెట్టెందుకని ఊరొచ్చేదాకా కొట్లాడిన పాసింజరు. అట్లాంటి మనిషి ఇన్నేళ్ళకు ఎదురుపడితే పలకరించి ఊరుకుంటారా? గొర్రెపిల్ల దగ్గర మొదలుపెట్టి మాట్లాడుకుంటూ నడిచారు. ఇల్లొచ్చేసింది. కొత్తిమీర కట్ట చేతిలో ఉంది. బండి బజారులో ఉంది. జరిగింది ఇంతే.

దానికి కొడుకు పెద్ద రాద్ధాంతం చేశాడు. "నాయనా, ఇది మతిమరుపు. ఇట్లనే మొదలయితాదంట. నువ్వు ఇంగ బండి తోలొద్దు" అని తాళంచెవి లాక్కుని తన జేబులో వేసుకున్నాడు. కళ్యాణదుర్గం నుంచి కుందుర్పికి, కుందుర్పి నుంచి కళ్యాణదుర్గానికి సగం జీవితం బస్సు తోలిన మనిషి! కోమటి ఇంట్లో పుట్టి అంగట్లో తక్కెడ పట్టుకోమంటే కాదని స్టీరింగు పట్టుకున్న మనిషి! సొంత బస్సు, సొంత డ్రైవింగు. ఆ బస్సుకు పెట్టిన పేరు ఎవరికీ తెలియదు, అందరికీ అది శెట్టి బస్సే. అట్లాంటివాడి చేతిలోంచి ఎక్సెల్ తాళంచెవి లాక్కోవడమంటే మాటలా? ఆయనకు ఒళ్ళు మండిపోయింది.

పుండు మీద కారం చల్లినట్టు వీధివీధంతా ఆ కబురు పాకింది. ఎదురింటి విజయభాస్కర్ పొద్దున్నే గోడ మీంచి తొంగిచూసి, చెవిటివాడితో మాట్లాడినట్టు, "శెట్టీ! నేనెవురో గుర్తు పట్టినావా?" అని అరిచేవాడు.

"పట్టినాలే. మా నిచ్చెన తీసుకపోయి ఇంగా ఇయ్యనోడివి" అనేవాడు రామాంజనేయులు. ఆ జవాబుకు విజయభాస్కర్ నవ్వుతూ పోయేవాడు గానీ, లోపలికొచ్చాక ఈయనకు నవ్వొచ్చేది కాదు.

ఇట్లా ఉండగా దసరా దగ్గర పడింది. దసరా అంటే ఆ ఇంట్లో బొమ్మబస్సుకు పండగ.

బస్సు కొత్తగా బాడీ కట్టించిన ఏడు, షెడ్డులో పనిచేసే యేసన్న మిగిలిన రేకు ముక్కలతో అచ్చం అట్లాంటిదే చిన్నబస్సు చేసిచ్చాడు. బాడీ రేకుది. మీది క్యారియరు, నిచ్చెన, ముందరి జాలీ, కిటికీ చట్రాలు ప్లాస్టిక్‌వి. అప్పట్నుంచీ ఒక ఆచారం పడిపోయింది. ప్రతి దసరాకూ ఆయుధపూజ ముందు బస్సుకు ఏ రంగుంటే ఆ రంగు బొమ్మకూ ఒక పూత పడాలి. పూత తప్పకూడదు. బస్సు అమ్మేసిన తర్వాత కూడా అది ఆగలేదు. ఇంట్లో ఏ రంగు మిగిలితే అది పూశారు. పూత మీద పూత పడి బొమ్మ ఇప్పుడు వాచిపోయింది. కిటికీలు పూడిపోయాయి, చక్రాలు తిరగవు. పొద్దస్తమానం పసుపు, కుంకుమ మెత్తుకుని పూజగూట్లో కూర్చుని ఉంటుంది.

ప్రసన్న చాలా రోజులుగా దాని మీద కన్నేసింది. "మామా, ఈ దసరాకు దాన్ని నా చేతికియ్యండి. ఉన్న పూతలన్నీ తీసి, యేసన్న చేసినప్పుడు ఎట్ల ఉన్యాదో అట్ల చేసిస్తా. లోపల ఎన్ని రంగులు ఉండాయో ఏమో."

"ఏమో అంటావేంది పాపా? నాకు తెలీదా?" అన్నాడు రామాంజనేయులు. "మీద నుంచి కింద దాకా వరసగా చెప్తా."

అన్నం తింటున్న సాయిగణేష్ నవ్వాడు. "నాయనా, పోయిన నెల బండి యాడ పెట్టినావో నీకు గుర్తు లేకపాయ. నేను పుట్టకముందు రంగులు చెప్తావా?"

ఆ నవ్వు చురుక్కుమని తగిలింది. రామాంజనేయులు చెయ్యి కడుక్కుని వచ్చి కొడుకు ఎదురుగా నిలబడ్డాడు. "సరే. ఒక్కో పూత తీసేముందర నేను రంగు చెప్తా. ఒక్కటి తప్పినా ఆ తాళంచెవి నువ్వే పెట్టుకో, నేను మల్ల దాని మాటెత్తను. అన్నీ సరిగ్గా చెప్తే?"

"ఇచ్చేస్తా. మతిమరుపు అన్న మాట కూడా వెనక్కి తీసుకుంటా."

"ఇన్యావు గదా పాపా?"

"ఇన్యా మామా" అంది ప్రసన్న. వరలక్ష్మమ్మ మాత్రం తలెత్తకుండా కొడుకు గిన్నెలోకి చారు పోస్తూ ఉండిపోయింది.

ఆదివారం షాపు సెలవు. వెనక వరండాలో సరంజామా సిద్ధమైంది. ప్రసన్న ముందురోజు సాయంత్రమే బొమ్మ మరలు విప్పి, ప్లాస్టిక్ సామాన్లన్నీ వేరు చేసి, ఒక గిన్నెలో బ్రేక్ ఆయిలు పోసి నానేసింది. ఆ గిన్నె చూసి వరలక్ష్మమ్మకు చిర్రెత్తుకొచ్చింది.

"నేను ఉగ్గానికి బొరుగులు నానేసే గిన్నెలో బ్రేక్ ఆయిలు పోసినావా తల్లీ?"

"ఇంగొకటి కొనిస్తాలే అత్తా. ప్లాస్టిక్‌కు తిన్నరు తగిలిస్తే కరిగి ముద్దయిపోతాది. దీంట్లో నానేస్తే రంగు లేస్తాది, కింద ప్లాస్టిక్కుకు దెబ్బ తగలదు."

"ఆ పాప చెప్పేది నిజమే" అన్నాడు రామాంజనేయులు. "బ్రేక్ ఆయిలు చుక్క పడితే కొత్త బండి రంగయినా లేచిపోతాది. ఎంతమంది క్లీనర్లను తిట్టింటానో దీనికోసం."

రేకు బాడీకి వేరే పద్ధతి. రంగు ఊడగొట్టే మందు మందంగా పూస్తే పూతలన్నీ కలగాపులగంగా లేచిపోతాయి. అందుకని ప్రసన్న చేతికి తొడుగులేసుకుని, మందు పల్చగా పూసి, పైపూత మీగడలా ముడుచుకోగానే గుడ్డతో తుడిచేస్తుంది. కింది పూత నిలబడుతుంది. తర్వాత కాసిన్ని నీళ్ళతో కడుగుతుంది. ఆ కాసిన్ని నీళ్ళకూ వరలక్ష్మమ్మ కాపలా. కొళాయి నిన్న వచ్చింది, మళ్ళీ ఎప్పుడొస్తుందో ఆ మున్సిపాలిటీవాడికే తెలియాలి.

"మామా, పైనుండేది వెండి రంగు. అది అందరికీ అగుపడుతాండాది. దాని కింద?"

"వెండి రంగు షాపు షట్టరుకు పూయంగా మిగిలింది. దాని కింద కాఫీ రంగు. ఇంటి తలుపులది" అన్నాడు రామాంజనేయులు, కుర్చీలో వెనక్కి వాలి.

ప్రసన్న తుడిచింది. కాఫీ రంగు.

"అది ఎవురైనా చెప్తారు. తలుపులు ఇంగా అదే రంగు గదా" అన్నాడు సాయిగణేష్.

"దాని కింద నెమలికంఠం రంగు. బస్సు అమ్మినప్పుడు ఉన్న రంగు. కొన్నోడు హిందూపురం వాడు. నేను తాళాలు ఇచ్చి వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేస్తి."

ప్రసన్న తుడిచింది. మురికి కొట్టుకున్నా నెమలికంఠం నెమలికంఠమే. సాయిగణేష్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"దాని కింద?"

"వంకాయ రంగు!" అని నోరంతా తెరిచి నవ్వాడు రామాంజనేయులు. "పెయింటరు బయ్యన్న అని ఒకాయన ఉన్నాడులే, మహానుభావుడు. మెరూను కలపమంటే ఏమి కలిపినాడో ఏమో, బస్సు వంకాయ అయిపాయ. దోవలో పిల్లోళ్ళంతా వంకాయ బస్సు, వంకాయ బస్సు అని వెంటబడిరి. కుందుర్పి సంతలో ఒక ముసలామె ఎక్కేటప్పుడు కాడ యాడుండాది అని అడిగె."

"ఆ ఏడు ఇంట్లో వంకాయకూర చేస్తే ఈయప్ప తినలేదు" అని వంటింట్లోంచి వరలక్ష్మమ్మ గొంతు వినిపించింది.

వంకాయ రంగు బయటపడగానే ప్రసన్న పగలబడి నవ్వింది. సాయిగణేష్ కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. రామాంజనేయులుకు ఎక్కడలేని హుషారొచ్చింది. స్టీరింగు ముందు కూర్చున్నట్టే ఉంది ఆయనకు. ఒక్కో రంగూ ఒక్కో ఊరు, ఒక్కో మలుపు, ఒక్కో పాసింజరును వెంటబెట్టుకుని వస్తోంది. మతిమరుపట మతిమరుపు!

"దాని కింద ఆకుపచ్చ. శానా ఏండ్లు అదే రంగు. ఒక ఏడు వాన దంచికొడితే దోవలో వంక పొర్లి, పాసింజర్లనంతా ఇస్కూల్లో పండుకోబెట్టినాము. మన పక్కన వంక పొర్లడమంటే మాటలా? అందరూ బస్సు దిగి సంతోషంగా చూస్తాండారు, ఊరికి పోదామనేవాడు ఒకడు లేడు."

ఆకుపచ్చ కూడా వచ్చింది. పూతల మీద పూతలు కాబట్టి మందం చాలా ఉంది, ప్రసన్న మందు రెండుసార్లు పూయాల్సి వచ్చింది. అంతవరకూ ప్రతి రంగుకూ ఒక మాట విసురుతున్న వరలక్ష్మమ్మ వరండా గడపలోకి వచ్చి ఆ పచ్చను ఒకసారి చూసి, పొయ్యి మీద నూనె ఉందని లోపలికి పోయింది.

"ఇంగ ఉండేవి రెండే పాపా. దీని కింద నిమ్మపండు పసుపు. దాని కింద మొట్టమొదటిది, మంకెనపువ్వు ఎరుపు. పసుపు బస్సే కల్వర్టు మీంచి కింద పడింది. మేకలు అడ్డమొచ్చినాయి, తప్పించబోతి. దేవుడి దయ, ఒకరికి కూడా ఏమీ కాలేదు, నాకే కాలు విరిగె. పసుపుగా షెడ్డుకు పోయింది, పచ్చగా బయటికొచ్చింది. ఊఁ, తుడువు. పసుపు."

ప్రసన్న మందు పూసింది. పచ్చ ముడుచుకుంది. గుడ్డతో ఒక్కసారి తుడిచి, చెయ్యి ఆపేసింది.

అది పసుపు కాదు. గులాబీ రంగు. కళ్ళు జిగేల్‌మనే గులాబీ.

 రామాంజనేయులు కుర్చీలోంచి లేచి దగ్గరికొచ్చి, కళ్ళద్దాలు సర్దుకుని వంగి చూశాడు. గులాబీ.  తన బస్సు ఎప్పుడూ గులాబీ రంగులో లేదు. లేదా? ఉండి ఉంటే? ఒక ఏడాదికి ఏడాది తన తలలోంచి ఎగిరిపోయిందా? పసుపు తర్వాత పచ్చ అని తాను ఒట్టేసి చెప్పగలడు. కానీ మతిమరుపు వచ్చినవాడు కూడా ఇట్లాగే ఒట్టేస్తాడు కదా. 

ప్రసన్న మామ ముఖం చూసింది. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. "అది అస్తరేమో మామా. రంగుకు ముందర అడుగున పూస్తారు గదా. అస్తరయితే లెక్కలోకి రాదు."

సాయిగణేష్ వెంటనే, "అవును, అస్తరే అయ్యుంటాది" అన్నాడు. తాను పందెం గెలుస్తున్నా వాడి గొంతులో గెలుపు లేదు.

ఔనంటే సరిపోయేది. తాళంచెవి వచ్చి చేతిలో పడేది. రామాంజనేయులు ఒక్క క్షణం ఆశపడ్డాడు కూడా. కానీ బయ్యన్న పనితనం ఆయనకు తెలుసు.

"కాదురా. బయ్యన్న అస్తరు ఎర్రమన్ను రంగులో ఉంటాది. అదీ రేకుకే పూస్తాడు, ప్లాస్టిక్‌కు పూయడు. పాపా, ఆ గిన్నెలో క్యారియరు చూడు."

ప్రసన్న గిన్నెలోంచి క్యారియరు తీసి పాత పళ్ళబ్రష్షుతో మెల్లగా రుద్దింది. వెండి, కాఫీ, నెమలికంఠం, వంకాయ, పచ్చ వరసగా లేచిపోయాయి. దాని కింద కూడా గులాబీయే.

"చూస్తివా. అస్తరు కాదు. ఎవురో కావాలనే పూసిన పూత" అన్నాడు ఆయన. "నాకు గుర్తు లేదు."

ఆ మూడు ముక్కలు అనడానికి ఆయన ఎంత కష్టపడ్డాడో చూస్తున్నవాళ్ళకే తెలుసు. అని ఊరుకోలేదు. లోపలికి పోయి, ఆంజనేయస్వామి పటం వెనక చెయ్యి పెట్టి ఏదో తీసుకొచ్చి కొడుకు చేతిలో పెట్టాడు. ఎక్సెల్ బండి రెండో తాళంచెవి.

సాయిగణేష్ నోరు వెళ్ళబెట్టాడు. "ఇది నీ దగ్గరే ఉండాదా? మరి ఇన్నాళ్ళూ బండి ఎందుకు తీయలేదు నాయనా?"

"నా బండిని నేను దొంగతనంగా తోలల్లనా? నువ్వు చేతికిస్తే తోలుదామనుకుంటి. ఇంగ రెండూ నువ్వే పెట్టుకో."

 తాళంచెవి అరచేతిలో అట్లాగే ఉంది, సాయిగణేష్‌కు దాన్ని జేబులో వేసుకోబుద్ధి కాలేదు. ప్రసన్న తల వంచుకుని ఆ గులాబీ పూతనే చూస్తోంది. చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి, "ఇదేంది?" అంది. "మామా, బయ్యన్న రంగును గన్నుతో కదా కొట్టేది? దీనికి బ్రష్షు గీతలు కూడా లేవు. వేలి గీతలుండాయి. ఎవురో వేలితో పూసినట్టుండారు."

"వేలితో కాకపోతే దేంతో పూయల్ల? నాకు బ్రష్షు యాడిది?"

అందరూ తల తిప్పారు. గడపలో వరలక్ష్మమ్మ నిలబడి ఉంది. చేతిలో బజ్జీల పళ్ళెం.

"ఆయప్పకు తాళంచెవి ఇచ్చెయ్‌రా" అంది కొడుకుతో. "మర్చిపోయింది కాదు. మర్చిపోవల్లంటే ముందర చూసుండల్ల గదా. మీ నాయన ఆ రంగు చూడనే లేదు."

"నువ్వు పూసినావా?" అన్నాడు రామాంజనేయులు.

"నేనే. నువ్వు బళ్ళారి ఆసుపత్రిలో కాలికి కట్టు కట్టించుకుని పండుకున్యావు. బస్సు షెడ్డులో నుజ్జునుజ్జుగా ఉండె. దసరా వచ్చె. మీ అమ్మ, బస్సే లేకపాయ, ఈ ఏడు బొమ్మకేంటికి పూత అనె. నాకు మనసొప్పలేదు. పూత తప్పితే బస్సు మల్ల రోడ్డెక్కదేమో, నువ్వు మల్ల సీట్లో కూర్చోవేమో అని నా బయం. వీడు చూస్తే కడుపులో ఉండాడు. ఆదెన్న పెండ్లాము ఆంజినమ్మ ఇంటికొచ్చింటే, ఎద్దుల కొమ్ములకు పూసింది ఏమన్నా మిగిలిందా అని అడిగితి. మర్రోజు ఆయమ్మ టెంకాయ చిప్పలో పోసి తెచ్చిచ్చె. గులాబీ రంగు. అదే పూసి పూజ చేస్తి."

రామాంజనేయులు పీట మీద కూలబడ్డాడు. కాలు విరిగిన సంగతి ఆయన వెయ్యిసార్లు చెప్పి ఉంటాడు. బస్సు మళ్ళీ రోడ్డెక్కిన సంగతి కూడా. బళ్ళారి డాక్టరు గొప్పతనం, షెడ్డువాళ్ళ గొప్పతనం, తన మొండితనం, ఆంజనేయస్వామి చలవ. ఆ కథలో వరలక్ష్మమ్మ ఎప్పుడూ లేదు.

"మరి నాకు చెప్పలేదేమి?"

"ఏమని చెప్పేది? నువ్వు చంకలో కర్ర పెట్టుకుని ఇంటికొస్తివి. బొమ్మ గూట్లో నీ ఎదురుగ్గానే ఉండె. ఈ పొద్దు చూస్తాడు, రేపు చూస్తాడు అనుకుంటి. నువ్వు దానికి దండం పెట్టుకుని పోతాంటివి గానీ కండ్లెత్తి చూస్తే గదా! ఏడాది అట్లే ఉండె. మల్ల దసరాకు తువ్వాల్లో సుట్టి నీ చేతికే ఇస్తి. అప్పుడన్నా ఇప్పుతావేమో అని. నువ్వు సుట్టింది సుట్టినట్లే తీసుకపోయి బయ్యన్నకిస్తివి. ఆయప్ప పచ్చ కొట్టి పంపె. అంతే. ఇంగేమి చెప్పేది? కోపమొచ్చింది, ఊరుకుంటి."

"ఇన్నేళ్ళా అత్తా?" అంది ప్రసన్న.

"మాటలా తల్లీ ఆ కోపం!" అంది వరలక్ష్మమ్మ. కానీ ఆమె నవ్వుతోంది.

రామాంజనేయులు నవ్వలేదు. గులాబీ పూత మీద ఆ సన్నటి వేలి గీతల్ని తన వేలితో తడిమి చూశాడు. దోవలో ప్రతి మలుపూ గుర్తున్న మనిషి, ప్రతి పాసింజరూ గుర్తున్న మనిషి, ఇంట్లో కళ్ళెదుట ఏడాది పాటు మెరుస్తూ కూర్చున్న రంగు చూడలేదు. ఆయనకు సిగ్గేసింది. ఆ సిగ్గులోనే ఎందుకో గొప్ప సంతోషం కూడా కలిగింది.

"మిగిలింది కూడా కానీ పాపా" అన్నాడు గొంతు సవరించుకుని. "దీని కింద పసుపు. దాని కింద ఎరుపు."

"తీయల్లనా మామా గులాబీని?"

"తియ్యి. మల్ల పూస్తాం గదా."

కింద నిమ్మపండు పసుపు వచ్చింది. దాని కింద మంకెనపువ్వు ఎరుపు. దాని కింద, బయ్యన్న ఎర్రమన్ను అస్తరు. అస్తరు కూడా లేచాక యేసన్న కొట్టిన రేకు తళతళలాడింది. కిటికీలు తెరుచుకున్నాయి. ప్రసన్న చక్రాలకు ఒక్క చుక్క నూనె వేసి తోస్తే బస్సు వరండాలో గడగడా పరుగెత్తి వరలక్ష్మమ్మ కాలికి తగిలి ఆగింది. సాయిగణేష్ లేచి వచ్చి, తాళంచెవులు రెండూ తండ్రి అరచేతిలో పెట్టి పిడికిలి మూశాడు.

"తప్పయింది నాయనా. ఆ మాట వెనక్కి తీసుకుంటాండా."

"సరేలే" అని రామాంజనేయులు భార్య వైపు తిరిగాడు. "ఈ దసరాకు ఏ రంగు పూద్దాం?"

"నన్నడుగుతాండావా?"

"నిన్నే."

"గులాబీ" అంది వరలక్ష్మమ్మ, ఎప్పట్నుంచో నోట్లో పెట్టుకుని ఉన్నట్టు.

"షాపులో మంచి గులాబీ ఉండాదమ్మా, తెస్తా" అన్నాడు సాయిగణేష్.

"నీ షాపుది నాకొద్దు. కొమ్ములకు పూసే రంగే కావల్ల. బజారులో పగ్గాలు, గంటలు అమ్మే అంగట్లో దొరుకుతాది."

"కూర్చో బండి మీద" అన్నాడు రామాంజనేయులు.

బజ్జీలు నోట్లో కుక్కుకుని, ఎక్సెల్‌ను ఒక్క తొక్కుకు స్టార్టు చేసి, భార్యను వెనక కూర్చోబెట్టుకుని గేటు దాటాడు. గోడ మీంచి విజయభాస్కర్ తొంగిచూస్తే, బండి ఆపి మరీ, "భాస్కరా! నేనెవురో గుర్తు పట్టినావా?" అని అరిచి, హారను గట్టిగా కొట్టి పోయాడు.

పోయినవాళ్ళు ఎంతకీ రాలేదు. ప్రసన్న ప్లాస్టిక్ సామాన్లన్నీ సబ్బుతో కడిగి ఆరబెట్టింది. సాయిగణేష్ గేటు దగ్గరికీ వరండాకూ తిరిగాడు. తాళంచెవులు ఇవ్వడమైతే ఇచ్చాడు గానీ కొడుకు ప్రాణం కదా, కుదురుగా ఎట్లా ఉంటుంది?

పొద్దు వాలుతుండగా వీధి మలుపులో ఇద్దరూ కనబడ్డారు. వరలక్ష్మమ్మ తలలో కనకాంబరాలు. రామాంజనేయులు చేతిలో గులాబీ రంగు డబ్బా. ఆమె చెయ్యి ఊపుతూ ఏదో చెబుతోంది, ఆయన ఆగి ఆగి నవ్వుతున్నాడు. అట్లాగే నవ్వుకుంటూ గేటు తీసుకుని లోపలికొచ్చారు.

సాయిగణేష్ వాళ్ళ వెనక్కి చూశాడు. వీధి కొనదాకా చూశాడు.

"నాయనా, బండి యాడ?"

రామాంజనేయులు జేబు తడుముకున్నాడు. తాళంచెవి జేబులోనే ఉంది. భార్య ముఖం చూశాడు. ఆమె ఆయన ముఖం చూసింది.

"అయ్యో" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

సాయిగణేష్ నోరు తెరిచాడు. వాడు ఏం అనబోతున్నాడో వరలక్ష్మమ్మకు తెలుసు. "ఆ మాట అంటివంటే చూడు! వెనక్కి తీసుకున్యావు గదా. ఆ పొద్దు ఆదెన్నతో మాట్లాడుకుంటా వచ్చేసినాడు. ఈ పొద్దు నాతో మాట్లాడుకుంటా వచ్చినాడు. దాన్ని మతిమరుపు అంటారా? నాకు మాత్రం గుర్తుండాదా ఏమి, బండి మీద పోయినామని?"

"నేను పోయి తెస్తాలే అమ్మా."

"నువ్వేంటికి? మేమే పోతాం" అన్నాడు రామాంజనేయులు. "పద వరలక్ష్మీ. నేను చూడకుండా పోయినవి ఇంగా శానా ఉండాయంటివి గదా, నడుచుకుంటా చెబుదువు."

"బజారు దాకా చాలదు. కుందుర్పి దాకా నడవల్ల" అంది ఆమె.

ఇద్దరూ వచ్చిన దారినే తిరిగి బయల్దేరారు. వరండాలోంచి ప్రసన్న చేతి తొడుగులు విప్పుతూ గేటు దాకా పరుగెత్తుకొచ్చింది.

"మామా! ఆ రంగు డబ్బా అన్నా ఈడ పెట్టిపోండి!"

వాళ్ళు వినిపించుకోలేదు. అప్పటికే మాటల్లో పడిపోయారు.